ఒకవాంగోలో లాడ్జి ఎంచుకునే ముందు నీళ్ల లెక్క చూడండి

[తెర మీద: విమానం కిటికీ నుంచి దృశ్యం. పచ్చటి దీవులు, వాటి చుట్టూ మెలికలు తిరిగిన నీటి పాయలు.]

నమస్కారం. బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాకి వెళ్లాలని ఇంటర్నెట్‌లో వెతికితే ఏడెనిమిది లాడ్జీల పేర్లే మళ్లీ మళ్లీ కనబడతాయి. మొంబో, వుంబురా ప్లెయిన్స్ లాంటివి. గొప్ప చోట్లే, సందేహం లేదు. కానీ సీజన్లో మనిషికి ఒక రాత్రికి 2,000 డాలర్లు దాటిపోతాయి. భార్యాభర్తలిద్దరు నాలుగు రాత్రులు ఉండాలంటే విమానం టికెట్లు కాకుండానే 13 లక్షల పైమాట.

అదే డెల్టాలో, అవే ఏనుగులు, అవే సింహాలు తిరిగే నేల మీద, అంత పేరు పడని మంచి క్యాంపులు చాలా ఉన్నాయి. వాటిని ఎలా గుర్తుపట్టాలో ఈ వీడియోలో చెబుతాను. చాలామంది గదుల ఫొటోలతో మొదలుపెడతారు. టెంటు ముందు చిన్న ఈతకొలను, బాత్‌టబ్, రాత్రి లాంతర్ల వెలుగు. ఆ ఫొటోలు అన్ని క్యాంపులకీ బాగానే ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. ముందు నీళ్ల సంగతి తెలుసుకుందాం.

[తెర మీద: మ్యాప్. అంగోలా నుంచి నీలం గీత కిందికి దిగుతుంది.]

మన గోదావరి కోనసీమ దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఒకవాంగో కూడా పాయలుగా చీలుతుంది, కానీ దాని ముందు సముద్రం లేదు, కలహారీ ఎడారి ఉంది. అంగోలా ఎత్తు ప్రాంతాల్లో కుబాంగో, కుయిటో అని రెండు నదులు పుట్టి, ఒకటై, నమీబియాలో ఒక సన్నటి భూభాగాన్ని దాటి, మొహెంబో దగ్గర బోట్స్‌వానాలోకి వస్తాయి. కొంత దూరం ఒకే నదిగా నడుస్తుంది. ఆ భాగాన్ని పాన్‌హ్యాండిల్ అంటారు. ఆ తర్వాత ఇసుక నేల మీద వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. వచ్చిన నీటిలో అత్యధిక భాగం ఎండకి ఆవిరవుతుంది, లేదా మొక్కలు తాగేస్తాయి. కొద్దిగా మాత్రమే దక్షిణాన మౌన్ పట్టణం దాకా చేరుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది, దాని మీదే మీ ట్రిప్ మొత్తం ఆధారపడుతుంది. అంగోలాలో వానలు దాదాపు నవంబరు నుంచి మార్చి వరకు. డెల్టా నేల దాదాపు చదును, పైగా పపైరస్ అనే తుంగ దుబ్బులు అడ్డం. అందుకని ఆ నీరు నెలల తరబడి పాకుతూ వస్తుంది. పాన్‌హ్యాండిల్‌లోకి మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, మౌన్ వైపుకి జూన్, జూలైలో. అంటే వరద వచ్చేది అక్కడ చినుకు పడని చలికాలంలో! చుట్టుపక్కల గుంటలన్నీ ఎండిపోయే వేళకి డెల్టా నిండుతుంది, ఎక్కడెక్కడి జంతువులూ ఇటు కదిలి వస్తాయి. 2014లో యునెస్కో తన 1000వ ప్రపంచ వారసత్వ స్థలంగా ఒకవాంగోని చేర్చింది. ప్రాణుల జీవితం మొత్తం ఈ ఎదురు కాలపు వరదతో ముడిపడి ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు లాడ్జి దగ్గరికి వద్దాం. ఒకే క్యాంపు ఫిబ్రవరిలో ఒకలా, జూలైలో ఇంకోలా ఉంటుంది. ఏడాది పొడవునా లోతు నీళ్లుండే చోట మొకోరో ఎప్పుడైనా ఎక్కవచ్చు. మొకోరో అంటే అక్కడి సన్నటి పడవ. వెనక నిలబడ్డ మనిషి పొడుగాటి గెడతో నెడతాడు. ఒకప్పుడు పెద్ద చెట్ల మొద్దులు తొలిచి చేసేవాళ్లు, ఆ చెట్లని కాపాడటానికి ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి వాడుతున్నారు. డెల్టా అంచుల్లో ఉన్న క్యాంపులకి ఈ పడవ కొన్ని నెలలే కుదురుతుంది. మరోవైపు, పూర్తిగా నీటి మధ్య ఉన్న క్యాంపులో జీపు నడిచే నేలే తక్కువ. పక్షులు, ఎర్ర లెచ్వే జింకలు, నీటి గడ్డిలో దాక్కునే సితతుంగ అనే జింక, అదృష్టముంటే చేపలు పట్టే పెల్స్ గుడ్లగూబ కనిపిస్తాయి. సింహం కోసమే వచ్చినవాళ్లు మాత్రం నిరాశపడతారు. అంతగా పేరు లేని లాడ్జీల మీద వచ్చే చెడ్డ రివ్యూల్లో కొన్నింటికి కారణం ఇదే అని నా నమ్మకం. లాడ్జి తప్పు ఉండదు, నీటి క్యాంపుకి వెళ్లి నేల క్యాంపులో చూడాల్సినవి ఆశించి ఉంటారు.

[తెర మీద: నీటి ఏనుగులు వరసగా నడిచి వెళ్లిన దారి, అందులోకి జారుతున్న నీరు.]

పైగా ఈ నీరు ఒక చోట కుదురుగా ఉండదు. నీటి ఏనుగులు నడిచిన దారులు కాలవలవుతాయి. పపైరస్, ఇసుక కలిసి పాత కాలవల్ని మూసేస్తాయి. చెదపురుగులు కట్టిన పుట్టల చుట్టూ మట్టి చేరి కొత్త దీవులు పుడతాయి. డెల్టాకి పడమటి వైపు థావోగే అనే పెద్ద పాయ 19వ శతాబ్దంలోనే పూడుకుపోయింది. 2019లో తీవ్రమైన కరువు వచ్చి డెల్టాలో చాలా భాగం ఎండిపోయింది. కాబట్టి వెబ్‌సైటులో "బోటు, మొకోరో" అని రాసి ఉంటే సరిపోదు. లాడ్జివాళ్లకి ఈమెయిల్ పెట్టి సూటిగా అడగండి: "నేను ఏ నెలలో వస్తున్నానో ఆ నెలలో, గడిచిన మూడేళ్లలో, మీ దగ్గర మొకోరో నడిచిందా?" మంచి క్యాంపువాళ్లు దీనికి దాపరికం లేకుండా జవాబిస్తారు. జవాబు దాటవేస్తే ఆ క్యాంపు వదిలేయండి.

రెండో విషయం, లాడ్జి ఎవరి నేల మీద ఉంది అన్నది.

[తెర మీద: మొరెమి సరిహద్దు, చుట్టూ గళ్లుగా విడగొట్టిన కన్సెషన్లు.]

డెల్టా మధ్యలో మొరెమి గేమ్ రిజర్వ్ ఉంది. వేట మితిమీరి జంతువులు తగ్గిపోతుంటే, 1963లో అక్కడి బటవానా ప్రజలు తమ సొంత నేలని రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. రాజు మొరెమి చనిపోయాక రాజప్రతినిధిగా ఉన్న ఆయన భార్య ఎలిజబెత్ పులానే మొరెమి ఆ నిర్ణయానికి ముందు నిలబడింది. వలస ప్రభుత్వం గీసిన గీత కాదది, ఊళ్లవాళ్లు తీసుకున్న నిర్ణయం. ఈ సంగతి తెలిసి వెళ్తే ఆ నేలని చూసే చూపే మారుతుంది.

మొరెమి చుట్టూ ఉన్న ప్రాంతాన్ని కన్సెషన్లుగా విడగొట్టి ప్రభుత్వం లీజుకిస్తుంది. కొన్ని ప్రైవేటు కంపెనీలవి, కొన్ని ఊళ్ల ట్రస్టులవి. మొరెమి లోపల రాత్రి డ్రైవులు లేవు, సాధారణంగా జీపు దారి దిగకూడదు, బయటి బళ్లు కూడా వస్తాయి. ప్రైవేటు కన్సెషన్లో రాత్రి వెలుతురు వేసుకుని తిరగొచ్చు, గైడ్‌తో నడవొచ్చు, అడవి కుక్కల గుంపు వేటకి పరిగెడితే జీపు పొదల్లోంచి వెంట వెళ్లొచ్చు. కన్సెషన్ల మధ్య కంచెల్లేవు. ఈ పూట ఖరీదైన క్యాంపువాళ్లు చూసిన చిరుత రేపు పక్క కన్సెషన్లో ఉండొచ్చు. పేరు లేని లాడ్జీని నమ్మి వెళ్లడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. డబ్బు ఎక్కువ కట్టినంత మాత్రాన చిరుత అక్కడే ఉండిపోదు.

అలాగని ఊరి ట్రస్టు నేల అయితే ప్రశాంతంగా ఉంటుందని కూడా అనుకోవద్దు. మొరెమి ఉత్తర గేటు దగ్గరున్న క్వాయ్ ప్రాంతంలో జంతువులు పుష్కలం, కానీ సొంత బళ్లలో వచ్చేవాళ్లు, టెంట్లు వేసుకునేవాళ్లు కూడా ఎక్కువే. ఒక చిరుతపులి చుట్టూ ఎన్ని బళ్లు చేరతాయో అక్కడ ముందే అడగాలి. మరో ప్రశ్న కాస్త ఇబ్బందిగా ఉన్నా అడగండి. బోట్స్‌వానా 2014లో నిలిపేసిన వేటని 2019లో మళ్లీ అనుమతించింది. పక్క కన్సెషన్లో వేట సాగుతుందా అని తెలుసుకోవడం మీ హక్కు.

ఇక పేర్లు. నేను ఎవరి తరఫునా మాట్లాడటం లేదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతున్నాను. క్వారా కన్సెషన్లో నీళ్లు, నేల రెండూ కలుస్తాయి, అక్కడి స్ప్లాష్ క్యాంపు చూడండి. నైరుతి వైపు కనానా క్యాంపు ఉంది, దాని దగ్గర కొంగలు వందలుగా గూళ్లు కట్టే చోటు ఉంది. నేలపట్టు, తేలినీలాపురం వెళ్లి గూళ్ల మీది పక్షుల్ని పూటలకు పూటలు చూసేవాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే. డెల్టా ఉత్తర భాగంలో మపూలా లాడ్జి ఉంది. చేపల వేట, పక్షులు ఇష్టమైతే పాన్‌హ్యాండిల్ లాడ్జీలు చూడండి. అక్కణ్ణుంచి 'సోడిలో' అనే పేరున్న కొండలకి వెళ్లొచ్చు. 4,500కి పైగా పురాతన రాతి చిత్రాలున్న ఆ కొండలు 2001 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమే. సఫారీ ప్యాకేజీల్లో అవి ఎందుకు అంత అరుదుగా ఉంటాయో నాకు అర్థం కాదు.

[తెర మీద: జీపు ముందు సీటులో కూర్చుని అడుగుజాడలు చూస్తున్న ట్రాకర్.]

క్యాంపు చిన్నదా పెద్దదా అన్నది చూడండి, కానీ దానికంటే గైడు ముఖ్యం. ఆ క్యాంపులో గైడ్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు? జీపులో ఎంతమందిని కూర్చోబెడతారు? పాదముద్ర చూసి ఎంతసేపటి కిందటిదో చెప్పగలిగే మనిషి పక్కనుంటే మామూలు టెంటైనా చాలు.

ధర విషయానికొస్తే, జూలై నుంచి అక్టోబరు దాకా అత్యధికం. డిసెంబరు నుంచి మార్చి వరకు వానాకాలం, చాలాచోట్ల ధర బాగా తగ్గుతుంది. గడ్డి ఎత్తుగా ఉండి జంతువులు కనబడటం కష్టం, కానీ పిల్ల జింకలు, వలస పక్షులు, మబ్బుల వెలుతురు ఉంటాయి. మే నెల నాకు మధ్యేమార్గంగా కనిపిస్తుంది: వానలు ఆగిపోతాయి, వరద వస్తూ ఉంటుంది, ధర పూర్తిగా పెరిగి ఉండదు. మనకైతే అవి వేసవి సెలవులు కూడా.

పిల్లలతో వెళ్లేవాళ్లు వయసు నిబంధన ముందే అడగాలి. క్యాంపులకి కంచె ఉండదు, చీకటి పడ్డాక గదికి కూడా మనిషి తోడొచ్చి దింపుతాడు. అందుకే చిన్నపిల్లల్ని చాలాచోట్ల తీసుకోరు, మొకోరోలో అయితే ఇంకా కచ్చితం. శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పాలి. గుడ్డు తింటారా, ఉల్లి, వెల్లుల్లి తింటారా అనేదీ రాయండి. చాలా క్యాంపులకి సరుకులు దూరం నుంచి తెప్పించుకోవాలి, వెళ్లాక అడిగితే పప్పు పుట్టదు. మౌన్ నుంచి క్యాంపుకి వెళ్లేది చిన్న సెస్నా విమానం. మామూలుగా 20 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. గట్టి సూట్‌కేసు తీసుకెళ్తే ఎక్కించరు.

మలేరియా రాకుండా వేసుకునే మందుల సంగతి డాక్టర్ని అడగండి, అక్కడ మలేరియా ఉంది. మీరు ఇథియోపియా లేదా కెన్యా మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ గురించి టికెట్ కొనే ముందే కనుక్కోండి. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయాల్లో దీని మీద చాలా కఠినంగా ఉంటారు. హైదరాబాదులో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ప్రయాణం దగ్గర పడేదాకా ఆగవద్దు.