డప్పు వచ్చిన రోజు పాట ముందు, మాట తర్వాత

అందరికీ నమస్తే. కేఈఎక్స్‌పీ సెషన్లు మీలో చాలామంది చూసే ఉంటారు. సియాటెల్‌లోని రేడియో స్టేషన్ అది. వెనక చిన్న బల్బుల దండలు, అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. బ్యాండ్ కొన్ని పాటలు వాయిస్తుంది, మధ్యలో డీజే కబుర్లు చెప్పిస్తారు. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కేసీఎంయూ పేరుతో మొదలైంది. ఇవాళ్టికీ శ్రోతల విరాళాలే దానికి పెద్ద దిక్కు. సియాటెల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళకు కొదవ లేదు కాబట్టి, ఆ వీడియోలు మన గ్రూపుల్లో బాగానే తిరుగుతాయి. "మన దగ్గర ఇలాంటివి ఎందుకు లేవు?" అనే మాట కూడా వాటితోపాటే వస్తుంది.

ఉన్నాయండీ. కెమెరా లేదు, అంతే.

జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊరు. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడ 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలది. మైకు ముందూ మిక్సర్ ముందూ కూర్చున్నది దళిత మహిళలే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు నర్సమ్మలు దాన్ని నడిపించారు. లైసెన్సు రాకముందు కూడా వాళ్ళు ఊరుకోలేదు. పాటలూ మాటలూ రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించేవారు. ప్రారంభించడానికి వచ్చింది జస్టిస్ పి.బి. సావంత్. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆయన ఉన్న బెంచిదే. అంతకంటే తగిన మనిషి ఎవరు దొరుకుతారు చెప్పండి?

సరే, స్టూడియోలోకి వద్దాం. ఊరి పాటనీ డప్పునీ అక్కడ ఎలా రికార్డు చెయ్యాలి అన్నదే నాకు అసలు ఆసక్తి.

కేఈఎక్స్‌పీలో చూసి, మనమూ అందరికీ హెడ్‌ఫోన్లు తగిలిద్దాం అనుకుంటే పని చెడుతుంది. గిటార్, కీబోర్డు నేరుగా వైరులోకి పోతాయి కాబట్టి వాళ్ళకు అది అవసరం. నాట్ల పాట అలా కాదు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. పక్కామె ఊపిరి వినబడాలి, ఆమె మొహం కనబడాలి. చెవులు మూసేస్తే అందుకోవడం ఆలస్యమైపోతుంది. మైకు మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెట్టండి. గొంతు పెద్దదైన ఆమెను కాస్త వెనక్కి జరపండి. మిక్సింగ్ సగం అక్కడే అయిపోతుంది. ఇంకోటి, ఒక్కామెనే పిలిచి "పాడమ్మా" అంటే రెండు చరణాల తర్వాత ఆగిపోవచ్చు. మరిచిపోయిందని కాదు, అందుకునేవాళ్ళు లేరని. కాబట్టి తోడు ఇద్దరినైనా రమ్మనండి. బస్సు ఛార్జీలు మీరే ఇవ్వండి, మొహమాటపడకుండా.

ఇక డప్పు. చెక్క చట్రం మీద బిగించిన తోలు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు, తోలు బిగుసుకుని ఖంగుమంటుంది. స్టూడియో లోపల మంట పెట్టలేం కదా! బయట కాచి లోపలికి తెస్తారు. ఆ వేడి తగ్గేకొద్దీ తోలు వదులై శబ్దం మొద్దుబారుతుంది. ఇది తెలియని యాంకర్ ముందు తీరిగ్గా పది నిమిషాలు ఇంటర్వ్యూ చేసి, "ఇప్పుడు ఒక పాట" అంటాడు. అప్పటికి డప్పు చల్లబడి ఉంటుంది, కళాకారుడి మొహం కూడా. అందుకే డప్పు వచ్చిన రోజు పాట ముందు, మాట తర్వాత. మైకు కూడా డప్పు మొహానికి ఎదురుగా పెట్టకండి. నాలుగడుగుల దూరంలో, కొంచెం పక్కకి ఉంచండి. లేకపోతే మీటర్ ఎర్రగీత దాటి, దెబ్బ దెబ్బకీ శబ్దం పగిలిపోతుంది. పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

ఇంటర్వ్యూ సంగతి. "పాటంటే మీకు ఎందుకంత ఇష్టం?" దయచేసి ఈ ప్రశ్న మానేయండి. "ఇష్టమేంది బిడ్డా, పని చేసుకుంట పాడుతం" అంటుంది, అక్కడితో అయిపోయె. టీవీ పోటీల్లో కన్నీళ్ళ కోసం అడిగే ప్రశ్నలు రేడియోకి అసలు పనికిరావు. "ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నవు పెద్దమ్మా?" అనండి. అత్తగారి ఊరు వస్తుంది, ఆ ఊళ్ళో అప్పుడు వేసిన పంట వస్తుంది, పాటలో మీకు అర్థంకాని గింజ పేరు అదేనని తెలుస్తుంది. అప్పుడు ఇంకో పాట తనంతట తనే ఎత్తుకుంటుంది. మీరు చెయ్యాల్సింది రికార్డింగ్ ఆపకపోవడమే.

సంఘం రేడియోలా స్థానిక జనమే తమ కోసం నడుపుకునే చిన్న స్టేషన్‌ని కమ్యూనిటీ రేడియో అంటారు. దానికి ఇచ్చేది మామూలుగా 100 వాట్ల పవర్, చుట్టుపక్కల ఊళ్ళకు అందేంత. సొంతంగా వార్తలు తయారుచేసి చెప్పడానికి అనుమతి లేదు. ఈ నిబంధన మీద నాకు చాలా కోపముంది, దానికి వేరే వీడియో చేస్తాను.

మీ దగ్గర్లో ఇలాంటి స్టేషన్ ఉంటే, మీ ఊరి పాట తెలిసినవాళ్ళను తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు రికార్డింగ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. పాడినవాళ్ళ పేరు, ఊరు ఫైలు పేరులోనే రాయించండి. లేకపోతే పదేళ్ళ తర్వాత అది "జానపద గీతం 17" అయి కూర్చుంటుంది.