పాత ఇంట్లో నగరం పుట్టినరోజు

శ్రోతలకు నమస్కారం.

నగరం పుట్టినరోజును మైదానంలో జరపడం తేలిక. ఆ నగరం తొలినాళ్లలో కట్టి, ఇప్పటికీ కాపాడుకుంటున్న ఇళ్ల తలుపులు తీసి జరిపితే ఆ అందమే వేరు. అరిగిన గడప, నున్నబడ్డ మెట్ల కమ్మీ చెప్పినంత చరిత్ర ఏ ఉపన్యాసమూ చెప్పదు. అయితే ఆ ఇల్లు ఒక కుటుంబం కోసం కట్టింది. వేడుక నాడు వచ్చేది వందల మంది.

ముందుగా చూడాల్సింది పై అంతస్తు. ఇప్పటి లెక్కల్లో నివాస గది నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు తీసుకుంటారు. జనం గుమిగూడే హాలుకైతే 500. పాత దూలాల సంగతి ఇంకా సున్నితం. దూలం గోడలోకి దిగే కొస చెమ్మ పట్టి పుచ్చిపోతుంది, పైన రంగు ఉంటుంది కనుక కంటికి కనపడదు. అందుకే పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షించి, గదికి ఎంతమందో రాసిచ్చాకే టోకెన్లు పంచాలి. నాట్యం, వాద్యాలు ఆరుబయటే. లయగా పడే అడుగులు నేలను ఊపేస్తాయి, కదలకుండా నిలబడ్డ జనం అంతగా ఊపరు.

ఇక గోడలు. సున్నపు పూతను వేలితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసినట్టే. అక్కడ ఒక్క మేకు కొడితే అరచేతంత పెచ్చు ఊడుతుంది. టేపు కూడా వద్దు, తీసేటప్పుడు రంగు పొర లేచివస్తుంది. దండలకూ బ్యానర్లకూ విడిగా నిలబడే స్టాండ్లు వాడండి.

అన్నిటికన్నా బాధ కలిగించే తప్పు, వేడుక దగ్గర పడిందని పెచ్చులూడిన చోట సిమెంటు పూయడం. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మతో పాటు ఉప్పు చేరి, చుట్టుపక్కల ఇటుక పొడిగా రాలుతుంది. సున్నపు పూత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి మరమ్మతు నెలల ముందే మొదలుపెట్టాలి.

పాత వస్త్రాలు, కాగితాల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. వెలిసిన రంగు తిరిగి రాదు. మంట ఉన్న దీపాలు లోపల వద్దు. వీడియో లైట్లకు పాత వైరింగు నుంచి కరెంటు తీసుకోవద్దు, విడిగా లైను వేయించండి.

ముందురోజు ప్రతి పగులు పక్కనా స్కేలు పెట్టి ఫొటో తీయండి. వేడుక మర్నాడు కిటికీలు తెరిచి, జనం వదిలిన తేమ పోయాక, అదే చోటు నుంచి మళ్లీ తీయండి. పగులు ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఆ గది తాళం వేసి ఇంజినీరును పిలవండి.