టైప్-సి పోర్టు ఉంటే చాలు, టీవీలో బొమ్మ వస్తుందా?

నమస్తే అండీ. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక చివర ల్యాప్‌టాప్‌కి, ఇంకో చివర టీవీకి పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నవాళ్ల పని అర నిమిషంలో అయిపోతుంది. ఈ వీడియో ఆ పోర్టు లేనివాళ్ల కోసం. ఇప్పుడొచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి దాన్ని తీసేసి, టైప్-సి పోర్టులు మాత్రమే ఇస్తున్నారు.

ఇక్కడే షాపుల్లో ఒక మాట నాకు పదే పదే వినిపిస్తోంది. విన్న ప్రతిసారీ చిరాకేస్తోంది. "టైప్-సి ఉందిగా సార్, టైప్-సి టు హెచ్‌డీఎంఐ తీసుకెళ్లండి, వచ్చేస్తుంది!" పాపం, నమ్మి కన్వర్టర్ కొంటారు. ఇంటికెళ్లి పెడితే టీవీలో 'నో సిగ్నల్'. కన్వర్టర్ మార్చుకొస్తారు, మళ్లీ అదే. తర్వాత కేబుల్ మారుస్తారు. చివరికి టీవీ మెకానిక్‌ని పిలుస్తారు. టీవీకి ఏమీ కాలేదు, కేబుల్ బాగానే ఉంది, కన్వర్టరూ బాగానే ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టుకి బొమ్మ పంపే ఏర్పాటే లేదు.

మన రోడ్ల పక్కన బస్ షెల్టర్ ఉంటుంది చూడండి. ఏ ఊరికి వెళ్లినా దాదాపు ఒకేలా ఉంటుంది. మూడు గోడలు, ఒక సిమెంటు బల్ల. పల్లెవెలుగు అన్ని చోట్లా ఆగుతుంది. సూపర్ లగ్జరీ ఆగదు. అది ఎక్కడ ఆగాలో ఆర్టీసీ వాళ్లు నిర్ణయిస్తారు, షెల్టర్ ఎంత బాగుందో చూసి కాదు. టైప్-సి పోర్టు ఆ షెల్టర్ లాంటిది. పెన్‌డ్రైవ్ డేటా పల్లెవెలుగు, ఎక్కడైనా ఆగుతుంది. వీడియో సూపర్ లగ్జరీ. ల్యాప్‌టాప్ డిజైన్ చేసిన రోజే గ్రాఫిక్స్ చిప్ నుంచి ఆ పోర్టు దాకా లైన్లు వేసి ఉంటేనే అది అక్కడికొస్తుంది. లేదంటే మీరు ఎంత ఖరీదైన కన్వర్టర్ తెచ్చినా, షెల్టర్‌కి కొత్తగా రంగులు వేయించినట్టే. బస్సు మాత్రం ఆగదు.

[స్క్రీన్‌పై: టైప్-సి పోర్టు పెద్దగా, లోపలి పిన్నులు కనిపించేలా]

ఇది కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. టైప్-సి ప్రమాణం 2014 ఆగస్టులో వచ్చింది. ఇంత చిన్న పోర్టులో 24 పిన్నులున్నాయి. వాటిలో కొన్ని జంటలు వేగంగా డేటా మోయడానికి ఉన్నవి. హెచ్‌డీఎంఐ లాగే బొమ్మ పంపే ఇంకో పద్ధతి డిస్‌ప్లేపోర్ట్. అదే ఏడాది సెప్టెంబరులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్‌ని ప్రకటించారు. అంటే అవసరమైనప్పుడు ఆ జంటలు యూఎస్‌బీ డేటా బదులు వీడియో మోస్తాయి. కన్వర్టర్‌లో ఉండే చిప్ ఆ డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని అందుకుని హెచ్‌డీఎంఐగా మార్చి టీవీకి ఇస్తుంది. అసలు సిగ్నలే రాకపోతే అది దేన్ని మారుస్తుంది?

టైప్-సి ప్రమాణంలో ఈ ఆల్ట్ మోడ్ పెట్టి తీరాలన్న నిబంధన లేదు. కంపెనీ ఇష్టం. అందుకే నేను కొన్నవాళ్లని తప్పుపట్టను. ఒకే ఆకారంలో పోర్టులు పెట్టి, పక్కన ఏ గుర్తూ వేయకుండా అమ్మడం అన్యాయం. షెల్టర్ దగ్గర ఏ బస్సులు ఆగుతాయో బోర్డు ఉండాలి కదా!

ఆ బోర్డు కొన్ని ల్యాప్‌టాప్‌లకి ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని పక్కకి తిప్పి, ఫోన్ టార్చ్ వేసి పోర్టు పక్కన చూడండి.

[కెమెరా పోర్టు దగ్గరకి]

ఇదిగో, 'డి' అక్షరంలో 'పి' ఇమిడిపోయినట్టు ఉంది చూశారా? అది డిస్‌ప్లేపోర్ట్ గుర్తు, నిశ్చింతగా కన్వర్టర్ కొనుక్కోవచ్చు. కింద బాణం మొన ఉన్న మెరుపు గుర్తయితే థండర్‌బోల్ట్, అది కూడా వీడియో పంపుతుంది. బ్యాటరీ బొమ్మో, ప్లగ్గు బొమ్మో ఉంటే అది చార్జింగ్ సంగతి. ఉత్త యూఎస్‌బీ గుర్తు మాత్రమే ఉంటే తొందరపడి కొనకండి. రెండు టైప్-సి పోర్టులుంటే రెండిట్లోనూ వీడియో వస్తుందని కూడా అనుకోకండి, ఒకదాని నుంచే వచ్చే మోడళ్లున్నాయి.

ఏ గుర్తూ లేనంత మాత్రాన రాదని కాదు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో పోర్టు పక్కన గుర్తు ఉండదు, కానీ 2018 నుంచి వచ్చినవాటిలో టైప్-సి పోర్టులు వీడియో పంపుతాయి. అందుకని ల్యాప్‌టాప్‌ని బోర్లించి, అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబర్ రాసుకోండి. దాంతో కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్లు తెరిచి, పోర్టుల వరుసలో 'డిస్‌ప్లేపోర్ట్' అనో, 'థండర్‌బోల్ట్' అనో ఉందేమో చూడండి. ఒక్క 'పవర్ డెలివరీ' అనే ఉంటే అది చార్జింగ్ మాత్రమే. మోడల్ పేరు చివర ఒక్క అక్షరం మారినా పోర్టులు మారొచ్చు, కాబట్టి నంబర్ మొత్తం టైప్ చేయాలి.

ఇక రోడ్డు సంగతి. కేబులే రోడ్డు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో మానిటర్‌కి పెట్టేవాళ్లు జాగ్రత్త. ఫోన్ చార్జర్‌తో వచ్చే కేబుల్స్‌లో చాలావాటికి ఆ వేగంగా వెళ్లే జంటలే ఉండవు. చార్జింగ్, మామూలు డేటా వరకే. పల్లెవెలుగు పట్టే డొంక దారిలో సూపర్ లగ్జరీ రాదు.

మరి మీ పోర్టు నుంచి వీడియో రాదని తేలింది, ఏం చేయాలి? డిస్‌ప్లేలింక్ అని ఇంకో రకం కన్వర్టర్ ఉంది. స్క్రీన్ మీది బొమ్మ డేటాని కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది. అంటే సూపర్ లగ్జరీ ప్రయాణికుల్ని పల్లెవెలుగులో ఎక్కించడం. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, ధర ఎక్కువ, కొన్ని ఓటీటీ వీడియోలు నల్లగా వస్తాయి. ఆఫీసు పనికి బాగానే ఉంటుంది, సినిమా కోసమైతే నేను కొనమని చెప్పను. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ముందు ఖర్చు లేని దారి చూడండి. విండోస్ కీ, కె కలిపి నొక్కితే వైర్‌లెస్‌గా టీవీని వెతుకుతుంది. టీవీలో మిరాకాస్ట్, అంటే వైర్ లేకుండా స్క్రీన్ అందుకునే సదుపాయం ఉంటే, టీవీ పేరు ఆ జాబితాలో కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. రెండు వైపులా పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్ కొని టీవీలోని పెన్‌డ్రైవ్ పోర్టుకి పెట్టొద్దు. ఆ పోర్టు వీడియో తీసుకోదు. పైగా రెండు వైపుల నుంచీ 5 వోల్టులు ఎదురెదురుగా వస్తాయి, పోర్టు దెబ్బతినొచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కనెక్ట్ చేశాక టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి, కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరే ఎంచుకోండి. బస్సు ఉన్న ప్లాట్‌ఫామ్ దగ్గరే నిలబడాలి. విండోస్ కీ, పి కలిపి నొక్కితే నాలుగు ఆప్షన్లొస్తాయి, రెండు చోట్లా ఒకే బొమ్మ కావాలంటే డూప్లికేట్. బొమ్మ వచ్చి సౌండ్ ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే, కింద స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి. 4కే టీవీలో మౌస్ బాణం ఆగి ఆగి కదులుతోందంటే కన్వర్టర్ సెకనుకి 30 ఫ్రేములే ఇస్తోందేమో చూడండి. కొనేటప్పుడు పెట్టె మీద '4కే 60 హెర్ట్జ్', అంటే సెకనుకి 60 ఫ్రేములు, అని ఉందో లేదో చదవండి. అంచులు తెగిపోయి టాస్క్‌బార్ కనిపించకపోతే అది టీవీ సెట్టింగే. పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి 'జస్ట్ స్కాన్' అనో, 'ఫిట్ టు స్క్రీన్' అనో ఉన్నది పెట్టండి, బొమ్మ మొత్తం కనిపిస్తుంది.