మ్యాపులో స్టాపు, రోడ్డు మీద మనిషి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు మన అతిథి నగరాల్లో జనం ఎలా తిరుగుతారో మ్యాపుల మీద పెట్టి చదివే మనిషి. కాలేజీలో నాకు సీనియర్, అప్పటి నుంచీ అక్కా అనే పిలుపు. వస్తూ వస్తూ చేతిలో రెండు కాగితాలు పట్టుకొచ్చారు. అక్కా, ముందు ఆ కాగితాల సంగతి చెప్పండి.

అతిథి: రెండూ హైదరాబాద్ మ్యాపులే. ఒకదాంట్లో మియాపూర్ నుంచి పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన మనిషి బస్సు, మెట్రో, నడక అన్నీ కలుపుకుని గంటలో ఎక్కడెక్కడికి చేరగలడో అంత మేరా రంగు వేశాను. రెండోదాంట్లో అదే లెక్క ఫలక్‌నుమా నుంచి. చూడు, ఏం కనిపిస్తోంది?

హోస్ట్: మొదటిది తోకలా సాగిపోయింది. ఊరికి ఆ కొస దాకా.

అతిథి: అది మెట్రో. ఎర్ర లైను మియాపూర్‌లో మొదలై ఎల్బీనగర్‌లో ఆగుతుంది. 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. గంట లోపే ఆ చివరికి చేరతావు. స్టేషన్ దిగాక మిగిలిన నిమిషాల్లో నడిచి వెళ్లగలిగినంత చోటు ప్రతి స్టేషన్ చుట్టూ ఒక చుక్కలా రంగు పట్టింది. ఫలక్‌నుమా మ్యాపు ముద్దలా ఉంది కదా? అక్కడి మనిషికి చార్మినార్, చాంద్రాయణగుట్ట, కోఠి అందుతాయి. హైటెక్ సిటీ అందదు.

హోస్ట్: ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది కదా అక్కా? అక్కడి నుంచి హైటెక్ సిటీకి నేరుగా రైలే వెళ్తుంది.

అతిథి: వెళ్తుంది. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లే అవి. కానీ పట్టాల దారి చూడు. యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైకి వెళ్లి, అక్కడి నుంచి బేగంపేట మీదుగా తిరిగి, అప్పుడు హైటెక్ సిటీ. మ్యాపు మీద సూటిగా గీత గీస్తే అంత దూరమేం కాదు, రైలు మాత్రం ఊరంతా చుట్టి వస్తుంది. పైగా ఒక రైలు తప్పితే మళ్లీ రైలు ఎప్పుడన్నది పెద్ద ప్రశ్న. ఇక మెట్రో ఆకుపచ్చ లైనుని మొదట ఫలక్‌నుమా దాకా అనుకున్నారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు వరకే తెరిచారు. మిగతా ముక్కకి 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది.

హోస్ట్: ఈ మ్యాపుకి పేరేమన్నా ఉందా?

అతిథి: ఐసోక్రోన్ అంటారు. ఒకే సమయంలో చేరగలిగే చోట్లన్నీ కలిపే గీత. మన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఇదే. ఎందుకంటే రవాణా గురించి మనం ఎప్పుడూ అడిగే ప్రశ్న, మీ ఇంటికి స్టాపు ఎంత దూరం అని. అసలు అడగాల్సింది, ఆ స్టాపులో ఎక్కితే ఎక్కడికి చేరతావు, ఎంతసేపట్లో చేరతావు అని. స్టాపు గుమ్మం ముందే ఉండి, బస్సు రోజుకి మూడుసార్లు వస్తే ఏం లాభం?

హోస్ట్: ఈ లెక్క వేయడానికి టైం టేబుల్ మొత్తం కంప్యూటర్‌కి తెలియాలి కదా.

అతిథి: తెలియాలి. దానికి జీటీఎఫ్ఎస్ అనే పద్ధతి ఉంది. పేరు విని భయపడక్కర్లేదు, అది కొన్ని టెక్స్ట్ ఫైళ్ల మూట, అంతే. ఒక ఫైల్లో స్టాపులన్నీ, వాటి అక్షాంశ రేఖాంశాలతో సహా. ఇంకోదాంట్లో రూట్లు. మరోదాంట్లో ట్రిప్పులు. ఏ ట్రిప్పు ఏ స్టాపుకి ఎన్నింటికి వస్తుందో ఇంకో ఫైల్లో. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. అక్కడి రవాణా సంస్థలో పనిచేసే బిబియానా మెక్‌హ్యూ, గూగుల్‌లో పనిచేసే క్రిస్ హారెల్సన్ కలిసి మొదలుపెట్టారు. కారు దారి ఇంటర్నెట్‌లో ఇట్టే దొరుకుతుంటే బస్సు దారి ఎందుకు దొరకదన్నది ఆవిడ ప్రశ్న. మన దేశంలో 2018లో కొచ్చి మెట్రో తన డేటాని ఈ పద్ధతిలో అందరికీ తెరిచింది. అదే ఏడాది ఢిల్లీ కూడా బస్సుల డేటా ఇవ్వడం మొదలుపెట్టింది.

హోస్ట్: ఆ ఫైళ్లు మామూలు మనిషి చదవగలడా?

అతిథి: నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. ఒక ముచ్చట చెప్తాను. రాత్రి ఆఖరి బస్సు అర్ధరాత్రి దాటి ఒంటిగంట పది నిమిషాలకి వస్తే, అందులో 25:10 అని రాసి ఉంటుంది. తారీఖు మారినా ఆ డ్యూటీ నిన్నటిదే కదా! డ్రైవర్‌కి, ఆఖరి షిఫ్టు దిగి ఇంటికెళ్లే మనిషికి రోజు ఇంకా ముగియలేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే నచ్చింది.

హోస్ట్: మరి ఈ మ్యాపులని ఎంతవరకు నమ్మచ్చు?

అతిథి: ఒక్కొక్కటీ చెప్తాను. మొదటి సమస్య బయల్దేరే నిమిషం. ఎనిమిదింటికి బయల్దేరితే రైలు దొరికింది, ఎనిమిదీ రెండుకి బయల్దేరితే తప్పిపోయింది అనుకో. రెండు నిమిషాల తేడాకి మ్యాపు మొత్తం మారిపోతుంది. అందుకని ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రతి నిమిషానికీ ఒక లెక్క వేసి, అన్నిటినీ వరసలో పెట్టి మధ్యలో వచ్చినదాన్ని తీసుకుంటాం. మెట్రో దగ్గర ఈ లెక్కలన్నీ ఇంచుమించు ఒకేలా వస్తాయి. రైలు అరుదుగా వచ్చే చోట ఒకదానికొకటి పొంతన ఉండదు. ఆ పొంతన లేకపోవడమే అక్కడి మనిషి రోజూ పడే టెన్షన్. ఆలస్యమవుతుందేమోనని అరగంట ముందే ఇల్లు వదులుతారు చూడు, అదన్నమాట.

రెండోది నడక. చాలా రిపోర్టుల్లో స్టాపు చుట్టూ 500 మీటర్ల వలయం గీసి, అందులో ఉన్నవాళ్లందరికీ బస్సు అందుబాటులో ఉన్నట్టే రాస్తారు. కాకి ఎగిరితే అంత దూరమే. మనిషి నడిస్తే మధ్యలో రైలు పట్టాలుంటాయి, నాలా ఉంటుంది, గేటెడ్ కమ్యూనిటీ గోడ ఉంటుంది, డివైడర్ ఉంటుంది.

హోస్ట్: మీరు స్వయంగా చూసిందేదైనా చెప్పండి అక్కా.

అతిథి: నాగోల్ వైపు ఒకసారి విద్యార్థులతో సర్వేకి వెళ్లాను. మా మ్యాపులో ఆ కాలనీకి ఎదురుగానే స్టాపు. రోడ్డు దాటితే చాలన్నట్టుంది. వెళ్లి చూస్తే డివైడర్ మీద ఇనుప కమ్మీలు. దాటాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి దాకా నడవాలి, మెట్లెక్కాలి, దిగాలి, మళ్లీ వెనక్కి రావాలి. ఒక పెద్దావిడ చేతిలో కూరగాయల సంచితో వస్తుంటే ఆమె వెనకే నడిచాం. మధ్యలో రెండుసార్లు ఆగింది. పావుగంట పట్టింది. తిరిగొచ్చాక ఆ కాలనీకి వేసిన రంగు తీసేశాను. ఆ రోజు నుంచి వలయాలు గీయడం మానేశాను. నడిచే దారుల వెంబడే కొలుస్తాను.

హోస్ట్: ఆ నడిచే దారులు ఎక్కడ దొరుకుతాయి?

అతిథి: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది. జనం గీసి జనానికే ఇచ్చిన మ్యాపు. డబ్బు కట్టక్కర్లేదు. మ్యాపులతో పని చేయడానికి వాడే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఈ రెండూ ఉంటే, ఒక మామూలు ల్యాప్‌టాప్‌తో డిగ్రీ చదివే పిల్లలు కూడా ఈ పని మొదలుపెట్టచ్చు. కాకపోతే గల్లీలు గీసినంతగా ఫుట్‌పాత్‌లు ఎవరూ గీయలేదు. ఎవరో ఒకరు పూనుకుని గీస్తే తప్ప అవి మ్యాపులోకి రావు.

హోస్ట్: ఇదంతా బస్సులు, దారుల సంగతి. మరి మనుషుల డేటా ఎక్కడి నుంచి వస్తుంది?

అతిథి: అక్కడే అసలు కష్టమంతా. 2011 జనాభా లెక్కల్లో ఉద్యోగాలకు వెళ్లేవాళ్లని, ఎంత దూరం వెళ్తారు, దేని మీద వెళ్తారు అని అడిగారు. మంచి ప్రశ్నే. ఎటు వెళ్తారని మాత్రం అడగలేదు. దూరం తెలుసు, దిక్కు తెలియదు. పైగా అది 2011. అప్పటి కోకాపేట వేరు, ఇప్పటి కోకాపేట వేరు. అందుకని ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే భవనాల్ని బట్టి, ఎక్కడ ఎంతమంది ఉంటున్నారో అంచనా వేస్తున్నారు. అదీ అంచనాయే. పది అంతస్తుల భవనం పైనుంచి చూస్తే ఒక కప్పే కదా.

హోస్ట్: బస్సు టికెట్ల నుంచి తెలియదా?

అతిథి: తెలుస్తుంది, కొంత. కండక్టర్ చేతిలో ఉన్న టిమ్ మిషన్‌లో టికెట్ కొట్టినప్పుడు ఎక్కడ ఎక్కారు, ఎక్కడిదాకా అన్నది నమోదవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకి జీరో టికెట్ ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో మొదలైంది. డబ్బు లేకపోయినా టికెట్ మాత్రం కొడతారు. దాని గురించి జనం ఎన్ని రకాలుగా మాట్లాడుకున్నా, నాకు మాత్రం ఒకటే అనిపించింది. నగరాల్లో ఆడవాళ్లు ఎటు తిరుగుతున్నారన్నది ఇంత వివరంగా ఇంతకుముందు ఎవరూ రాసి పెట్టలేదు. అలాంటిది ఇప్పుడు రోజూ నమోదవుతోంది.

హోస్ట్: అంటే ఇక లోటేమీ లేనట్టేనా?

అతిథి: లేకపోలేదు. టికెట్ మీద ఉండేది స్టేజీ. ఒక స్టేజీలో ఒకటికంటే ఎక్కువ స్టాపులుంటాయి, ఏ స్టాపులో దిగిందో తెలియదు. బస్ పాస్ ఉన్న విద్యార్థికి టికెట్టే ఉండదు. రోజంతా చెల్లే టికెట్ కొన్నవాళ్లు ఐదు బస్సులెక్కినా రికార్డులో ఉండేది ఒక్క టికెట్టే. ఇంకోటి, ఆడవాళ్ల ప్రయాణాలు గొలుసుకట్టుగా ఉంటాయి. పిల్లాణ్ణి బళ్లో దింపి, అక్కడి నుంచి పనికెళ్లి, వచ్చేటప్పుడు మార్కెట్‌లో ఆగి, మందుల షాపు చూసుకుని ఇల్లు చేరతారు. డేటాలో ఇవి విడివిడి ముక్కలు. ఆ ముక్కలన్నీ ఒకే మనిషివని తెలియకపోతే, ఊరంతా చిన్నచిన్న ప్రయాణాలే కనిపిస్తాయి. వాటి వెనక ఉన్న రోజు కనిపించదు.

హోస్ట్: ఆ గొలుసు ఫోన్ లొకేషన్‌తో దొరుకుతుంది కదా?

అతిథి: దొరుకుతుంది. నాకు అక్కడే భయం. 2013లో వచ్చిన ఒక అధ్యయనం పదిహేను లక్షల మంది ఫోన్ రికార్డులు చూసింది. పేర్లు తీసేసిన రికార్డులే. ఎవరైనా ఏ సమయానికి ఎక్కడున్నారో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని ఆ గుంపులోంచి విడిగా పట్టుకోవచ్చని తేలింది. రాత్రి ఎక్కడ ఉంటావు, పగలు ఎక్కడ ఉంటావు అన్న రెండు చుక్కలు చాలు, నువ్వెవరివో సగం చెప్పేసినట్టే. అందుకని మనుషుల స్థాయిలో ఉన్న డేటా ఎవరైనా ఇస్తామన్నా నేను తీసుకోను. మ్యాపుని గళ్లుగా విడగొట్టి, గడి లెక్కన కలిపి ఇస్తేనే తీసుకుంటాను. ఈ గడి నుంచి ఆ గడికి ఇంతమంది అని తెలిస్తే నా పని అయిపోతుంది.

ఇంకో మాట. యాప్‌ల నుంచి వచ్చే ఫోన్ లొకేషన్ డేటాలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లే ఉంటారు. మ్యాపుల్లో రోడ్లు ఎర్రగా పచ్చగా కనిపించేది కూడా మన ఫోన్లు కదిలే వేగాన్ని బట్టే. తెల్లవారుజామున నడిచివెళ్లే పారిశుద్ధ్య కార్మికులు ఏ రంగులోనూ కనిపించరు.

హోస్ట్: షేరింగ్ ఆటోల మాటేంటి అక్కా? మా పేటలో సగం మంది వాటి మీదే తిరుగుతారు.

అతిథి: అవి ఏ ఫైల్లోనూ లేవు. నేను ఇందాక చూపించిన ఫలక్‌నుమా మ్యాపులోనూ లేవు. అంటే ఆ మ్యాపు అక్కడి వాళ్ల నిజమైన రోజుని పూర్తిగా చూపించడం లేదు. ఈ విషయంలో కెన్యా రాజధాని నైరోబీ మనకంటే ముందుంది. అక్కడ మటాటులని ప్రైవేటు మినీబస్సులుంటాయి, మన షేరింగ్ ఆటోల్లాగే ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతాయి. 2012లో నైరోబీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫోన్లు పట్టుకుని వాటిలో తిరిగారు. అమెరికా నుంచి ఎంఐటీ, కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్లు తోడయ్యారు. ఎక్కిన చోటు, ఆగిన చోటు, అన్నీ జీపీఎస్‌తో నమోదు చేసి 130 దాకా రూట్లు పట్టుకున్నారు. 2014లో ఆ మ్యాపు విడుదలైంది. ప్రభుత్వం కూడా దాన్నే తన మ్యాపుగా తీసుకుంది. టైం టేబుల్ లేని బండ్లకి కూడా జీటీఎఫ్ఎస్ రాయచ్చని వాళ్లు చేసి చూపించారు.

హోస్ట్: మనకీ అలా చేయచ్చు కదా?

అతిథి: చిన్నగా మొదలుపెట్టాం. వచ్చే ఆదివారం ముగ్గురు విద్యార్థులతో చాంద్రాయణగుట్ట చౌరస్తాకి వెళ్తున్నాను. పొద్దున ఆరింటి నుంచి అక్కడ నిలబడి, ఏ ఆటో ఎటు పోతోంది, ఎంతమందితో పోతోంది అని కాగితం మీద రాసుకుంటాం. ఆ తర్వాత రెండు ఆటోలెక్కి ఆఖరి దాకా వెళ్లి వస్తాం, ఫోన్‌లో ట్రాక్ నడుస్తూ ఉంటుంది. డ్రైవర్‌ని అడిగే ఎక్కుతాం. ఎందుకు, ఏమిటి అని ముందే చెప్తాం. నువ్వూ రా. టీ అక్కడే తాగుదాం.

హోస్ట్: ఆరింటికా అక్కా?

అతిథి: ఐదూ యాభైకి వస్తే ఇంకా మంచిది. మొదటి ఆటో తప్పిపోకుండా ఉంటుంది.

హోస్ట్: వస్తాను. రికార్డర్ కూడా తెస్తాను.