వెలుగు వేగం, మధ్యలో మైకా

అక్క: నమస్కారం, నెల్లూరు నుంచి మళ్లీ మేమే. ఈరోజు వెలుగు ఏ పదార్థంలో ఎంత వేగంతో పోతుందో చూద్దాం. తమ్ముడూ, సైదాపురం మైకా గనుల సంగతి, అదే నీ అభ్రకం సంగతి, చివర్లో.

తమ్ముడు: సరే అక్కా. కావలి ఎపిసోడ్ మాదిరి మధ్యలో మైకా తేనులే.

అక్క: శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. నీళ్లలో సుమారు 2,25,000, మామూలు గాజులో 2 లక్షలు, వజ్రంలో 1,24,000. గాలిలో కన్నా నీళ్లలో నెమ్మదని 1850లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో కొలిచి చూపించాడు.

తమ్ముడు: మైకాలో?

అక్క: అప్పుడేనా! 1,90,000కి దగ్గర్లో.

తమ్ముడు: కారణం తెలిసిందేగా. సాయంత్రం ట్రంక్ రోడ్డులో జనాన్ని తగులుకుంటూ నడిచినట్టు, పరమాణువులు అడ్డం.

అక్క: కాదబ్బా. తగులుకుంటే వెలుగు తలా ఒక దిక్కుకు చెదిరిపోవాలి. కిటికీ అద్దంలోంచి అవతలి మనిషి మొహం అంత స్పష్టంగా ఎట్లా కనపడుతుంది?

తమ్ముడు: మరి అద్దం దాటగానే పాత వేగం ఎట్లా వస్తుంది? ఎవరు తోశారు?

అక్క: ఆ ప్రశ్నతోనే నీ ట్రంక్ రోడ్డు పోయింది. వెలుగు లోపలికి రాగానే గాజులోని ఎలక్ట్రాన్లు దాని లయకు ఊగుతాయి. ఊగే ప్రతి ఎలక్ట్రానూ ఓ చిన్న తరంగాన్ని పంపుతుంది. వచ్చిన తరంగమూ ఈ చిన్నవీ కలిస్తే, ఆ మొత్తం శిఖరాలు అడుగడుగునా కాస్త వెనకపడతాయి. మనం కొలిచేది ఆ మొత్తాన్నే. గాజు అయిపోతే వెనక్కి లాగేది లేదు, ఎవరూ తోయక్కర్లేదు.

తమ్ముడు: నాకింకా మింగుడు పడలేదు.

అక్క: రంగులు చూడు. గాజులో ఎరుపు కన్నా నీలం నెమ్మది. నీలం లయ ఆ ఎలక్ట్రాన్ల సొంత లయకు ఇంకాస్త దగ్గర, అందుకే ఎక్కువ ఊపుతుంది. పట్టకం రంగులు విడదీసేది అందుకే. వట్టి అడ్డమే అయితే ఈ తేడా ఎందుకు?

తమ్ముడు: రంగుల దాకా సరే. మైకాలో ఒకే రంగుకు రెండు వేగాలున్నాయే?

అక్క: వచ్చేశాడు!

తమ్ముడు: చెప్పనీ అక్కా. ఆ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ ఒకేలా ఊగవు. అందుకే వెలుగు కంపించే దిక్కును బట్టి వేగం మారుతుంది. 0.03 మిల్లీమీటర్ల రేకు చాలు, పసుపు వెలుగులో ఒక కంపనం రెండోదానికన్నా పావు తరంగం వెనకపడుతుంది. ప్రయోగశాలల్లో అట్లా పావు తరంగం వెనక్కి పెట్టే పలకలు మైకాతోనే చేసేవాళ్లు. గూడూరు వైపు ఆడవాళ్లు కత్తిపట్టి పచ్చ మైకాను రేకులు రేకులుగా చీల్చేవాళ్లే, వాళ్ల చేతిపని గురించి ఏ పాఠంలోనైనా ఒక్క ముక్క ఉందా?

అక్క: లేదు. ఉండాల్సిందే.

తమ్ముడు: నాకు కోపం వస్తుంది.

అక్క: రావాల్సిందే. దానికి వేరే ఎపిసోడ్ పెడదాం, నువ్వే మాట్లాడు. ఇక మిగిలింది: 1999లో డెన్మార్క్ శాస్త్రవేత్త లీనె హౌ బృందం అతిశీతల సోడియం వాయువులో ఒక చిన్న వెలుగు పల్స్ వేగాన్ని సెకనుకు 17 మీటర్లకు తగ్గించింది. 2001లో కాసేపు ఆపేసింది కూడా.

తమ్ముడు: ఆపేసిందా? ఆగినప్పుడు వెలుగు ఎక్కడుంటుంది?

అక్క: దాని గుర్తు పరమాణువుల్లో ఉంటుంది. అది చెప్పాలంటే ఇంకో గంట. బస్సు టైమైంది, లే.

తమ్ముడు: ఆగక్కా, ఆ గుర్తు మైకాలో కూడా...