ఫ్రేమ్, షట్టర్, బిట్‌రేట్: వీడియో ఓనమాలు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో వీడియో గురించి అ ఆల దగ్గర్నుంచీ మాట్లాడుకుందాం. రికార్డ్ బటన్ నొక్కగానే కెమెరాలో ఏం జరుగుతుందండీ?

ఎడిటర్: వరసపెట్టి ఫొటోలు తీస్తూ పోతుంది, అంతే. సెకనుకు 24, 25 లేదా 30. ఒక్కోదాన్ని ఫ్రేమ్ అంటాం.

హోస్ట్: ఏదో ఒకటే పెట్టుకోక ఇన్ని అంకెలెందుకు?

ఎడిటర్: 24 సినిమాది. మిగతా రెండూ టీవీవి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 25, 60 ఉన్నచోట 30. అమెరికాలో 1953లో రంగుల టీవీ ప్రమాణం ఖరారు చేసినప్పుడు ఆ 30ని కాస్త తగ్గించి 29.97 చేశారు. ఆ తలనొప్పి ఇంకా వదల్లేదు.

హోస్ట్: కరెంటంటే గుర్తొచ్చింది. గదిలో లైటు కింద తీస్తే గోడ మీద నల్లటి చారలు పాకుతుంటాయే, అవేంటి?

ఎడిటర్: అది షట్టర్ స్పీడుతో వచ్చే గొడవ. ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగుని ఎంతసేపు పడనిస్తామో అదే షట్టర్ స్పీడు; 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు. షట్టర్ 1/50 పెడితే ప్రతి ఫ్రేమ్‌లోనూ సరిగ్గా రెండు మినుకులు పడతాయి, పేచీ లేదు. 1/60 పెడితే ఒకటీ, ఇంకో ముక్కా పడతాయి. సెన్సార్ పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది కాబట్టి ఒక్కో వరసకి ఆ ముక్క ఒక్కోలా తగులుతుంది. అదే చార. 60 హెర్ట్జ్ ఉన్నచోట మాత్రం 1/60యే సరైంది.

హోస్ట్: ఎండలో అయితే 1/1000 పెట్టేస్తుంటారు, బొమ్మ స్పష్టంగా వస్తుందని.

ఎడిటర్: ఆపి చూస్తే స్పష్టమే. ఆడిస్తే మనిషి కీలుబొమ్మలా టకటకా కదులుతాడు. కదిలేవాటికి కొంచెం మసక ఉండాలి. అందుకే ఫ్రేమ్ రేటుకు రెట్టింపు అంటారు, 25కి 1/50. వెలుగు ఎక్కువైతే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ తగిలించండి. కెమెరాకి నల్ల కళ్లద్దాలన్నమాట.

హోస్ట్: ఇక ఫైలు సైజు సంగతి?

ఎడిటర్: లెక్కేద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 అడ్డం, 1080 నిలువు, 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. పిక్సెల్‌కి 3 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. సెకనుకే 155 ఎంబీ! నిమిషానికి 9 జీబీ దాటుతుంది.

హోస్ట్: ఫోన్‌లో అంత ఉండదుగా?

ఎడిటర్: కోడెక్ పుణ్యం, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతి. ముందు రంగు దగ్గర పొదుపు చేస్తుంది. 4:2:0 అంటే నాలుగు పిక్సెళ్లకి వెలుగు విడివిడిగా, రంగు మాత్రం ఉమ్మడిగా. దాంతోనే సగం పోతుంది. ఆ తర్వాత హెచ్‌.264 లాంటి కోడెక్‌లు అప్పుడప్పుడూ ఒక ఫ్రేమ్‌ని పూర్తిగా దాచి, మధ్యవాటిలో ఏం మారిందో అదే రాసుకుంటాయి. గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషికి ఇది చాలా తేలిక. అదే వానో, నీటి అలలో అయితే ప్రతి పిక్సెలూ మారుతుంది, బిట్‌రేట్, అంటే సెకనుకి రాసే డేటా, చాలదు, బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. అలాంటి షాట్లకి బిట్‌రేట్ పెంచాల్సిందే.

హోస్ట్: విడిగా మైకుతో రికార్డ్ చేసిన ఆడియో మొదట్లో పెదాలకి సరిపోయి, పోనుపోనూ తప్పుతుంది. ఎందుకలా?

ఎడిటర్: చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటుని నిలకడగా ఉంచవు. కాసేపు 30, వెలుగు తగ్గితే 27, అలా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నీ సమానమనుకుంటుంది. అందుకని ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టాంట్ ఫ్రేమ్ రేటు, అంటే మారనిది, ఎంచుకుని మార్చుకోండి.

హోస్ట్: సరిపోయిందో లేదో చూసుకునేదెలా?

ఎడిటర్: షాట్ మొదట్లో ఒక చప్పట్లు, చివర్లో ఇంకోటి. చేతులు ఫ్రేమ్‌లో కనబడాలి. రెండు అరచేతులూ తాకిన ఫ్రేమ్ దగ్గరికి ఆడియోలో సూదిలా లేచిన చోటుని జరపండి. 25 ఫ్రేములైతే ఒక ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు, అంతకంటే తేడా రాకూడదు. మొదటిది కలిసి చివరిది కలవలేదంటే, జరిపి లాభం లేదు. ఫ్రేమ్ రేటు చూసుకోవాలి.