చివరి సెకను బిడ్: ఆ అంకెకు అర్థమేంటి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల సైటులో వేలం ముగిసే క్షణంలో మన తరఫున బిడ్ వేసిపెట్టే స్నైపింగ్ సర్వీసుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. వాడేవాళ్ల దగ్గర తరచూ వినపడే మాట ఇది: "ముగింపుకు మూడు సెకన్ల ముందు వేయమని పెట్టాను, బిడ్ చరిత్రలో చూస్తే ముగింపుకు ఒక్క సెకను ముందే పడింది. ఇంకోసారి అసలు పడనే లేదు." మనతో నాణేల సేకర్త ఒకరు, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఆర్థికశాస్త్రం బోధించే ప్రొఫెసర్ గారు ఉన్నారు. సార్, ముందు మీరు చెప్పండి. ఆ కోపం న్యాయమేనా?

నాణేల సేకర్త: న్యాయమేనండి. మేం హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వేలాలు చూస్తాం. కాలిఫోర్నియాలో ఆదివారం సాయంత్రం ఏడింటికి ముగిసే వేలం మనకు సోమవారం ఉదయం ఏడున్నర. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఎనిమిదిన్నర. పిల్లల్ని బడికి పంపే వేళో, ఆఫీసు దారిలో ఉండే వేళో అవుతుంది. అందుకే సర్వీసు మీద ఆధారపడతాం. మూడు అని అంకె ఇచ్చి ఎంచుకోమన్నాక, మూడు అంటే మూడేనని అనుకోమా?

ఇంజనీరు: అసలు చిక్కంతా అక్కడే ఉందండి. చాలాచోట్ల ఆ అంకె సర్వీసు బిడ్ పంపడం మొదలుపెట్టే సమయం మాత్రమే. బిడ్ ఎప్పుడు నమోదైందో తేల్చేది ఈబే సర్వర్ గడియారం. మధ్యలో లాగిన్ సరిగ్గా ఉండాలి, బిడ్ వెళ్లాలి, ఖరారు కావాలి. అదే నిమిషంలో వందల వేలాలు ముగుస్తుంటే వరుస ఉంటుంది. అందుకే ఒక సెకను పెట్టుకోవడమంటే గెలిచే అవకాశం పెంచుకోవడం కాదు, బిడ్ పడకపోయే ప్రమాదాన్ని పెంచుకోవడం.

వ్యాఖ్యాత: అసలు పడకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయా?

ఇంజనీరు: ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చి సర్వీసులో మార్చకపోతే ఆగిపోతుంది. ఈబే అదనపు ధ్రువీకరణ అడిగినా అంతే. ధర అప్పటికే మీ గరిష్ఠ మొత్తాన్ని దాటేస్తే బిడ్ వేయడానికి వీలే ఉండదు. ఈ మూడింటికీ ఒకే "విఫలమైంది" సందేశం చూపిస్తే, వాడేవాళ్లు నింద మొత్తం టైమింగ్ మీదే వేస్తారు.

ప్రొఫెసర్: నా అభ్యంతరం ఇంకొంచెం లోతుది. సెకన్లు గెలిపిస్తాయన్న నమ్మకమే సరైంది కాదు. ఒక నాణెం ధర ఇప్పుడు 52 డాలర్లు చూపిస్తోంది, ముందున్న వ్యక్తి గరిష్ఠంగా 80 పెట్టి ఉన్నాడనుకోండి. ఆ 80 మనకు కనపడదు. మీరు ఆఖరి సెకనులో 75 వేశారు. అతను నిద్రపోతున్నా ఈబే వ్యవస్థే అతని తరఫున ధరను 76కి పెంచేస్తుంది. మీరు ఓడిపోయారు. పది సెకన్ల ముందు వేసినా అదే ఫలితం.

నాణేల సేకర్త: అతని 80కి సరిగ్గా 80 వేస్తే?

ప్రొఫెసర్: సమానమైతే ముందు వేసినవారిదే పాట. 80.37 వేస్తే మీది, ఆ 80.37కే. అనుభవం ఉన్నవాళ్లు 80 లాంటి రౌండ్ అంకెలు వేయకపోవడానికి కారణం అదే.

వ్యాఖ్యాత: మరి స్నైపింగ్‌తో ప్రయోజనమే లేదంటారా, మేడం?

ప్రొఫెసర్: ఉంది, చాలానే ఉంది. తన పాట దాటిపోయిందని తెలియగానే ఇంకో రెండు డాలర్లు, ఇంకో రెండు డాలర్లు అని పెంచుకుంటూ పోయేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు వ్యవధి దొరకదు. ఆర్థికవేత్తలు ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈబేను, అప్పటి అమెజాన్ వేలాలను పోల్చారు. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే వేలం గడువు పెరిగేది. అక్కడ ఆఖరి క్షణపు బిడ్లు బాగా తక్కువ. ఇంకో విషయం, ఈబేలో కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల దగ్గర ఆ అలవాటు ఎక్కువ కనిపించింది. తెలిసినవాడు ముందే బిడ్ వేస్తే, ఆ వస్తువు అసలైనదేనని మిగతావాళ్లకు చెప్పినట్టే కదా!

నాణేల సేకర్త: అది మాకు అనుభవమే. పేరున్న సేకర్త బిడ్ పడిందంటే వెనకాలే నలుగురు వస్తారు.

వ్యాఖ్యాత: బాలాపూర్ లడ్డూ వేలంలో "ఒకటోసారి, రెండోసారి" అంటుండగా ఎవరైనా పెంచితే లెక్క మళ్లీ మొదలవుతుంది. మనవాళ్ల మనసులో వేలమంటే అదే.

ప్రొఫెసర్: బ్యాంకులు తాకట్టు ఆస్తులకు పెట్టే ఈ-వేలాల్లోనూ ఐదేసి నిమిషాల పొడిగింపు సాధారణం. అక్కడ స్నైపింగ్‌కు చోటు లేదు. ఈబే మామూలు వేలాల్లో ముగింపు సమయం కదలదు, స్నైపింగ్‌ను ఈబే అనుమతిస్తుంది కూడా.

వ్యాఖ్యాత: అయితే ఎన్ని సెకన్లు పెట్టుకోవాలి?

ఇంజనీరు: నా ఉద్దేశంలో ఐదు నుంచి ఎనిమిది. ఆ వ్యవధిలో ఎదుటి మనిషి చూసి, కొత్త మొత్తం టైప్ చేసి, ఖరారు చేయడం చాలా కష్టం.

నాణేల సేకర్త: నేను ఒప్పుకోనండి. ఫోన్ చేతిలో పట్టుకుని, అంకె ముందే కొట్టి కాచుకున్నవాడికి ఎనిమిది సెకన్లు చాలు. నిర్ణయం మాకే వదిలేయండి.

ఇంజనీరు: వదలాలి, కానీ చెప్పి వదలాలి. "ఇది పంపే సమయం, నమోదయ్యే సమయం కాదు" అని ఆ పెట్టె పక్కనే రాయాలి. బిడ్ పడనప్పుడు, దాన్ని ఎప్పుడు పంపామో, ఈబే ఏం జవాబిచ్చిందో చూపించాలి. డబ్బు తీసుకునే సర్వీసుకు ఇది కనీస బాధ్యత.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. ఒకే వస్తువుకు ఇద్దరు ఒకే సర్వీసులో స్నైప్ పెడితే?

ఇంజనీరు: రెండు బిడ్లూ వెళ్తాయి, పెద్ద మొత్తానిదే గెలుపు. మొత్తాలు సమానమైతే ముందు నమోదైనవారిది. అంటే పది సెకన్లు పెట్టినవారు మూడు సెకన్లు పెట్టినవారిని ఓడిస్తారు.

నాణేల సేకర్త: ఈ సంగతి ఏ సర్వీసూ నాకు చెప్పలేదండి!